దాడి చేసిన వ్యక్తితో మీకున్న సంబంధం

షార్జా వస్తున్నానని మా అన్న ఫోన్ చేసినప్పుడు నేను సంతోషించాను. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. పెళ్లయిన తొమ్మిది నెలల్లో మా ఇంటి నుంచి వచ్చిన మొదటి ఫోన్ అది. "విజిట్ వీసా తీసుకున్నా. నిన్ను చూసి పోదామని. అమ్మ కూడా చూసి రమ్మంది," అన్నాడు. ఫోన్ పెట్టేశాక కాసేపు ఏడ్చి, తర్వాత చేపల కొట్టుకి వెళ్లాను.

మాది గుంటూరు జిల్లాలో కాలవ కింద పొలాలున్న కుటుంబం. మా ఆయనది ఒంగోలు దగ్గర ఒక పల్లె. పల్లె అంటే మా వైపు వాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు. ఊరు వేరు, ఊరి బయట దళితులుండే పల్లె వేరు. మేం కలిసింది మాత్రం ఇక్కడే, కోవిడ్ రోజుల్లో. నేను షార్జాలో ఒక క్లినిక్కులో రిసెప్షన్‌లో ఉండేదాన్ని. ఆయన రాస్ అల్ ఖైమా క్వారీల్లో సర్వేయరు. రెండు వారాలకోసారి కంపెనీ వ్యానులో వచ్చి ముక్కులో పుల్ల పెట్టించుకుని పోయేవాడు. మాస్కు పైనున్న కళ్లు తప్ప ఆయన మొహం నాకు ఏడు నెలల దాకా తెలియదు. 2022లో అబుదాబి కోర్టులో సివిల్ పెళ్లి చేసుకున్నాం. క్లినిక్కు మూతపడటంతో నేను ఆయన వీసా మీదికి మారాను. అల్ నహ్దాలో నాలుగో అంతస్తు ఫ్లాటులో ఒక గది మాది, రెండోది ఆపాది.

ఆపా గురించి చెప్పాలి. రాయచోటి ఆమె, ఉర్దూలో ఆపా అంటే అక్క. భర్త పోయాక ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్లుగా టైపింగ్ సెంటర్లో పని చేస్తోంది. వీసా అప్లికేషన్లు, క్యాన్సిలేషన్లు, లేబర్ కాగితాలు, అన్నీ అరబిక్‌లో టైపు చేసి ఇచ్చే దుకాణం అది. మనిషిని చూడగానే "నీ వీసా ఎప్పుడు అయిపోతుంది?" అని అడగడం ఆమెకి అలవాటు.

అన్న హోటల్లో దిగాడు. మొదటి రోజు, రెండో రోజు మా ఇంట్లోనే భోంచేశాడు. మా ఆయనతో ఎక్కువ మాట్లాడలేదు గానీ అమర్యాదగా ఏం అనలేదు. పులుసు బాగుందన్నాడు. మూడో రోజు ఆదివారం మధ్యాహ్నం వచ్చి, "బావతో కొంచెం మాట్లాడాలి. కిందికి వెళ్లొస్తాం," అన్నాడు. బావ అన్న మాట వినగానే నాకు వాళ్లిద్దర్నీ ఆపాలనిపించలేదు. కప్పులు కడుగుతూ కిటికీలోంచి చూశాను. బిల్డింగ్ వెనక ఇసుక పార్కింగ్‌లో మా ఆయన చేతులు కట్టుకుని వింటున్నాడు. అన్న సంచిలో చెయ్యి పెట్టాడు.

నేను మెట్లు దిగి వచ్చేసరికి మా నాతూర్, అదే వాచ్‌మన్, పెషావర్ వైపు పెద్దాయన, అన్నని బోర్లా పడేసి వీపు మీద కూర్చుని ఉన్నాడు. మా ఆయన ఒక కారు చక్రానికి ఆనుకుని కింద కూర్చున్నాడు. మెడ మీదికొచ్చిన దెబ్బని కుడిచేత్తో కాచుకున్నాడు. మణికట్టు తెగింది, భుజం తెగింది. "పైకి వెళ్లి తలుపేసుకో," అంటున్నాడు నాతో. అన్న ఇసుకలోంచి తల తిప్పి నన్ను చూశాడు. పోలీసులు, అంబులెన్సు ఒకేసారి వచ్చినట్టు గుర్తు.

ఆ సాయంత్రం పోలీసు స్టేషన్లో అనువాదకుడు నన్ను హిందీలో అడిగాడు, ఏం జరిగిందని. "మాటా మాటా పెరిగింది సార్," అన్నాను. మాటలు పెరగడం నేను వినలేదు. నాలుగో అంతస్తు నుంచి ఏమీ వినపడదు కూడా. అయినా నా నోటివెంట అదే వచ్చింది. వాళ్లు రాసుకున్నారు, నేను సంతకం పెట్టాను. తర్వాత ఒక ఆఫీసరు ప్లాస్టిక్ కవరులో ఉన్న ఒక బిల్లు చూపించాడు. అన్న జేబులో దొరికిందట. సూపర్‌మార్కెట్‌లో కొన్న కూరగాయల కత్తిది. దాని మీద తేదీ అన్న దిగిన రోజుది. అంటే రెండు పూటలు నా చేతి అన్నం తింటున్నప్పుడు కూడా ఆ కత్తి ఆ సంచిలోనే ఉంది, మా సోఫా పక్కనే. ఆ బిల్లు చూశాక కూడా నేను నా మాట మార్చలేదు.

ఆసుపత్రిలో మా ఆయనకి రెండు ఆపరేషన్లు అయ్యాయి. భుజం మానుతుందన్నారు. మణికట్టు దగ్గర నరాలు కలిపారు, కానీ వేళ్లు ఎంతవరకు వంగుతాయో ఆరు నెలల తర్వాత గాని చెప్పలేమన్నారు. సర్వే పరికరం మీద చిన్న మరలని వెంట్రుకవాసి తిప్పే చెయ్యి అది.

అమ్మ ఫోన్ చేసింది. "ఎట్లా ఉన్నాడు?" అంది. ఎవరి గురించి అడుగుతోందో నాకు అర్థం కాలేదు. జైల్లో ఉన్న అన్న గురించేమో అని, "నన్ను చూడనివ్వలేదమ్మా," అన్నాను. ఆమె అడిగిందీ అతని గురించే. వకీలు చెప్పాడట, తనాజుల్ అని ఒక కాగితం ఉంటుందని. దెబ్బ తిన్న మనిషి నేను ఫిర్యాదు వదులుకుంటున్నానని సంతకం పెడితే శిక్ష తగ్గుతుందని.

"మీ ఆయన చేత పెట్టించు తల్లీ. వాడికి ఇద్దరు పిల్లలు. వాడు ఆవేశంలో చేశాడు."

"కత్తి రెండు రోజుల ముందే కొన్నాడమ్మా."

ఆమె ఆ మాట విననట్టే దాటేసింది. తర్వాత, "సంతకం పెడితే ఇక మీ జోలికి ఎవరూ రారు. నాది పూచీ," అంది. పెట్టకపోతే ఏమవుతుందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

మా ఆయనకి చెప్పాను. మంచం మీద, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. "మీ అమ్మ బాధ నాకు అర్థమవుతుంది. కానీ నేను సంతకం పెడితే, ఇంకో పల్లెలో ఇంకొకడి మీద కత్తి ఎత్తేటప్పుడు వీళ్లు మళ్లీ ఇదే లెక్క వేసుకుంటారు. పెట్టను," అన్నాడు. తర్వాత నన్ను చూసి, "నీకు కష్టమని తెలుసు," అన్నాడు. కష్టమే. నేను తల ఊపాను తప్ప మంచి పని అని అనలేకపోయాను.

తొంభై రోజుల సిక్ లీవు అయిపోయింది. కంపెనీ వాళ్లు వచ్చి పరామర్శించారు, పళ్లు తెచ్చారు, ఆ తర్వాతి వారం టెర్మినేషన్ లెటర్ పంపారు. ఆయన వీసా క్యాన్సిల్ అయితే ఆయన మీద ఉన్న నా వీసా కూడా పోతుంది. దేశం వదలడానికో, ఇంకో వీసాలోకి మారడానికో మాకు రెండు నెలల గడువు. ఇండియా వెళ్లిపోవచ్చు. అన్న ఇక్కడ జైల్లో ఉన్నా మా బాబాయిలు, వాళ్ల కొడుకులు అక్కడే ఉన్నారు. అన్న కూడా శిక్ష అయ్యాక డిపోర్ట్ అయి సరిగ్గా అక్కడికే వెళతాడు.

ఆ శుక్రవారం మా హాల్లో పెద్ద చర్చ జరిగింది. అబుదాబిలో లిఫ్టు మెకానిక్కుగా పనిచేసే మా ఆయన స్నేహితుడు వచ్చాడు. ఇద్దరిదీ ఒకే పల్లె, ఒకే బడి. నన్ను వదినా అంటాడు. రాగానే మొదలుపెట్టాడు.

"యూరప్‌కి టూరిస్ట్ వీసా కొట్టించుకోండి వదినా. దిగగానే ఎయిర్‌పోర్టులో చేతులెత్తేసి, మా ప్రాణాలకి ముప్పుంది, ఆశ్రయం ఇవ్వండని అడగండి. మీ ఆయన చెయ్యి చూపిస్తే చాలు."

"వాళ్లకి కులమంటే ఏం తెలుస్తుందిరా?" అన్నాడు మా ఆయన.

"తెలిసేట్టు చెప్పాలన్నా. కొంచెం ఉప్పూ కారం వెయ్యాలి. అక్కడి పోలీసులే మిమ్మల్ని చంపమని పంపించారని రాయండి. దీని వెనక లీడర్లు ఉన్నారని రాయండి. ఎవడొచ్చి చూస్తాడు?"

ఆపా అప్పటిదాకా వంటింటి గడపలో కూర్చుని బెండకాయలు తరుగుతోంది. "ఉన్నదే అంత ఉండాదే నాయనా, ఇంక కలిపేదేముండాది?" అంది. "నేను పద్దెనిమిదేండ్లు కాగితాలు కొట్టినా. ఒక్క అబద్ధం ఉన్న ఫైలు ఎట్ల వెనక్కొస్తదో నాకు తెల్సు. అయినా ఆశ్రయం అడిగేటోళ్లకైనా ముందు నిలబడేదానికి జాగా ఉండల్ల. గడువు అయిపోయి మీరు దొంగల మాదిరి దాక్కుంటే మీ నిజం ఎవరు వింటారు? ముందు స్టేటస్. తర్వాత ఏదైనా."

"స్టేటస్ ఎవరిస్తారు ఆపా? చెయ్యి పని చెయ్యని సర్వేయర్ని ఏ కఫీల్, ఏ యజమాని తన వీసా మీద పెట్టుకుంటాడు?" అన్నాడు స్నేహితుడు.

ఆపా బెండకాయలు తరుగుతూ నన్ను చూసింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

నేను ఆ రోజు స్నేహితుడి పక్షమే. అబద్ధాలు వద్దు గానీ ఆశ్రయం మాత్రం అడగాలనుకున్నాను. ఎవరికీ తెలియని ఊళ్లో, మంచు పడే చోట, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడకుండా బతకాలని ఉండేది. ఆపా దగ్గరికొచ్చే ఒకావిడ ద్వారా శరణార్థుల కేసులు చూసే వకీలమ్మ నంబరు దొరికింది. హైదరాబాదులో చదువుకుని, ఇప్పుడు వేరే దేశంలో ప్రాక్టీసు చేస్తున్న ఆమె. వీడియో కాల్‌లో గంటసేపు మాట్లాడింది, తెలుగులోనే.

"మీకు జరిగింది ఘోరం. కానీ ఘోరం జరిగిన ప్రతివాళ్లూ చట్టం దృష్టిలో శరణార్థులు కారు," అని మొదలుపెట్టింది. నాకు కోపం వచ్చింది. ఆమె ఓపిగ్గా చెప్పుకుంటూ పోయింది. మేం ఉన్న దేశంలో ఆశ్రయం ఇచ్చే చట్టం లేదు. అడగాలంటే ఇంకో దేశం గడప తొక్కాలి. టూరిస్టునని చెప్పి వీసా తీసుకుంటే, ఆ మాట గురించి తర్వాత జవాబు చెప్పుకోవాలి. కులం పేరుతో హింసిస్తారన్న భయం ఆశ్రయానికి ఆధారంగా నిలబడొచ్చు, నిలబడిన కేసులున్నాయి. "అసలు చిక్కు రెండు ప్రశ్నల దగ్గర వస్తుంది. మీ మీద కత్తి ఎత్తింది ప్రభుత్వం కాదు, మీ ఇంటివాళ్లు. మీ పోలీసుల్ని ఎప్పుడైనా రక్షణ అడిగారా?"

"లేదండీ. అడిగితే ఇస్తారని మాకు నమ్మకం లేదు."

"నమ్మకం లేకపోవడం వేరు, అడిగితే ఇవ్వకపోవడం వేరు. అడగకపోతే ఎందుకు అడగలేదో గట్టిగా చెప్పగలగాలి. రెండోది, అంత పెద్ద దేశంలో మీరు ఇంకెక్కడా బతకలేరా అంటారు. బొంబాయిలో? భోపాల్‌లో? అక్కడిదాకా మీవాళ్లు వెతుక్కుంటూ వస్తారా?"

"షార్జా దాకా వచ్చాడు కదండీ," అన్నాడు మా ఆయన.

"అది మంచి జవాబే. రాసుకోండి," అంది వకీలమ్మ. మమ్మల్ని వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. మాకు జరిగింది మొత్తం మా మాటల్లో రాసి పంపమంది. దానికో నమూనా కూడా పంపింది.

ఆ తర్వాత మూడు రోజులు మేమిద్దరం ఇంట్లో పోట్లాడుకున్నాం. పెళ్లయ్యాక అంత పోట్లాట అదే మొదలు. ఆయన ఆశ్రయం వద్దన్నాడు.

"అక్కడ నేను రుజువు చెయ్యాల్సిందేంటో విన్నావుగా. మా పల్లెలో పుట్టినవాడికి ఆ దేశంలో ఎక్కడా చోటు లేదని. మా చెల్లెలు హైదరాబాదులో నర్సు. మా పిన్ని కొడుకు పూణేలో కంప్యూటర్లు రిపేరు చేస్తాడు. వాళ్లు నిలబడ్డ చోటు లేదని నేనెట్లా రాయను?"

"వాళ్ల కోసం ఎవరూ కత్తి కొనలేదు," అన్నాను.

నేను ఆగలేదు. "నీకు దేశం మీద అభిమానం. నాకు నీ మెడ మీద అభిమానం. ఆ రోజు నువ్వు చెయ్యి అడ్డం పెట్టకపోతే ఈ చర్చే లేదు."

"అభిమానం కాదు. మా నాన్న ఒక్క రోడ్డు కోసం, ఆ ఊరి మధ్యలోంచి నడిచే హక్కు కోసం పదేళ్లు కోర్టుకి తిరిగాడు. నడిచాడు చివరికి. నేను వెళ్లిపోవడం తప్పని అనట్లేదు. వెళ్లక తప్పదనే దాకా వెళ్లనంటున్నా."

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. అందుకే ఎవరమూ తగ్గలేదు. నాలుగో రోజు ఆయన ఫిజియోథెరపీకి వెళ్లినప్పుడు నేను ఆ నమూనా ముందేసుకుని కూర్చున్నాను. రాయాల్సిందేదో ఆయన అడ్డుపడకముందే రాసేద్దామనుకున్నాను. మొదటి వాక్యం, "నా భర్త మీద దాడి జరిగింది" అని రాశాను. రెండోది, "కుటుంబ విభేదాల వల్ల" అని. పక్కనే నమూనాలో ఒక గడి ఉంది: దాడి చేసిన వ్యక్తితో మీకున్న సంబంధం.

అందులో రాయడానికి నాకు మధ్యాహ్నం అంతా పట్టింది. బంధువు అని రాసి కొట్టేశాను. సోదరుడు అని రాశాను. అది స్కూలు సర్టిఫికెట్లో మాటలా ఉంది. దాన్నీ కొట్టేసి, మా అన్న అని రాశాను. ఆ రెండు మాటలు రాశాక మిగిలింది తేలిగ్గా వచ్చింది. మా అన్న దిగిన రోజే కత్తి కొన్నాడు. మా అన్న రెండు రోజులు మా ఇంట్లో అన్నం తిన్నాడు. మా అన్న నా భర్తని బావ అని పిలిచి కిందికి తీసుకెళ్లాడు. గొడవ జరగలేదు. నా భర్త చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. చదువుకుంటే, ఇది నేను పోలీసులకి చెప్పింది కాదు.

మా ఆయన ఇంటికి రాగానే ఆ కాగితాలు చేతికిచ్చాను. నిలబడే చదివాడు. "ఇది వకీలమ్మకి పంపితే పంపు, లేకపోతే మానెయ్. ముందు ఇక్కడి ప్రాసిక్యూషన్‌కి ఇవ్వాలి ఇది," అన్నాడు.

"వెళ్దాం," అన్నాను.

ప్రాసిక్యూషన్ ఆఫీసులో మళ్లీ ఒక అనువాదకుడు. కేరళ ఆయన. నా మాటలన్నీ రాసుకున్న ఆఫీసరు, మొదట వేరేగా ఎందుకు చెప్పావని అడిగాడు. "అప్పుడు భయమేసింది," అన్నాను. ఇప్పుడు వెయ్యడం లేదా అని అడిగించాడు. "ఇప్పుడూ వేస్తోంది. కానీ జరిగింది ఇది," అన్నాను. అనువాదకుడు దాన్ని అరబిక్‌లోకి తిప్పేటప్పుడు ఒక క్షణం తడబడ్డాడు. ఆఫీసరు తల ఊపి, నీళ్ల సీసా నా వైపు జరిపాడు.

గడువులో ఇక ఇరవై రెండు రోజులే ఉన్నాయి. ఆ రోజు బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే ఆపా ఫోన్ చేసి, "సెంటరుకి తొందరగా రా. యల్లా," అంది. వెళ్లాను. వాళ్ల ముదీర్, అంటే మేనేజరు, ఈజిప్టు ఆయన, నాకో ఇంగ్లీషు ఫారం ఇచ్చి టైపు చెయ్యమన్నాడు. క్లినిక్కులో నాలుగేళ్లు చేసిన పని అదే. చేసిచ్చాను. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మాట్లాడే మనిషి కావాలని ఆపా ఆరు నెలలుగా ఆయన్ని వేధిస్తోందట. "అరబిక్ వచ్చా?" అని అడిగాడు. రాదన్నాను. "నేను నేర్పిస్తా," అంది ఆపా, ఆయన నోరు తెరిచే లోపే.

బయటికొచ్చాక అడిగాను, "ఆ శుక్రవారం నన్ను అట్లా చూసింది దీనికేనా?"

"మరేమి? వాళ్లిద్దరూ ఆయప్పకి కఫీల్ ఎవరు కఫీల్ ఎవరని అరిచేదే గాని, పక్కన రెండు చేతులూ బాగుండే మనిషి కూర్చోనుంటే కనపడలా. నువ్వే చెప్తావేమోనని చూసినా. నీకూ తట్టలా."

నిజమే, నాకూ తట్టలేదు. పెళ్లికి ముందు నా వీసా మీద నేను బతికినదాన్ని, ఏడాది తిరిగేసరికి ఆ సంగతి మర్చిపోయాను.

నా వర్క్ వీసా వచ్చేసరికి గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. భర్తకి వీసా పెట్టాలంటే ఇల్లు నా పేరున ఉండాలని ఆపా ఫ్లాటు అగ్రిమెంటు నా పేరు మీదికి మార్పించింది. అబుదాబి కోర్టు ఇచ్చిన పెళ్లి కాగితం బయటికి తీశాం. నేను స్వయంగా టైపు చేసిన మొదటి ఫ్యామిలీ వీసా అప్లికేషన్ మా ఆయనదే. సంబంధం అన్న చోట కంప్యూటరు తనంతట తాను అరబిక్‌లో భార్య అని వేసింది. ఎప్పుడూ మగవాళ్లే అప్లై చేస్తారు కదా. ఆపా నా భుజం మీంచి వంగి, "చివరి అక్షరం కొట్టెయ్," అంది. ఒక్క అక్షరం తీసేస్తే ఆ మాట భర్త అయింది. మా ఆయన బెంచీ మీద కూర్చుని రబ్బరు బంతి నలుపుతున్న కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని ఉన్నాడు. వీసా స్టాంపు అయిన రోజు స్నేహితుడికి ఫోన్ చేసి, "నా కఫీల్ చాలా కఠినం. పొద్దున్నే లేపుతుంది," అన్నాడు.

తీర్పు ఆ ఎండాకాలంలో వచ్చింది. అన్నకి జైలు, ఆ తర్వాత డిపోర్టేషన్. నేను కోర్టుకి వెళ్లాను. అతను గాజు అవతల సన్నబడి, గడ్డం పెరిగి ఉన్నాడు. నాకు అతని మీద జాలి వేసింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకదాన్నొకటి తగ్గించలేదు. సాయంత్రం అమ్మ ఫోన్ చేసి, "ఇక నువ్వు మాకు లేవు," అంది. "మీకు నేను లేకపోయినా ఈ నంబరు మార్చనమ్మా," అన్నాను. ఆమె పెట్టేసింది. అప్పుడు ఏడ్చాను, ఆపా ఒళ్లో.

వకీలమ్మ అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. మీ పోలీసుల్ని అడిగారా? అన్న విడుదలకి నాలుగు నెలల ముందు మేం అడిగాం. మా రెండు జిల్లాల ఎస్పీలకీ వేర్వేరుగా అర్జీలు రాశాను. తీర్పుకి ఇంగ్లీషు అనువాదం, ఆసుపత్రి రిపోర్టు, పెళ్లి కాగితం జత చేశాను. ఈమెయిల్ చేశాం, రిజిస్టర్ పోస్టూ చేయించాం. కులాంతర వివాహం చేసుకున్నవాళ్లకి రక్షణ ఇవ్వాలన్న కోర్టు ఆదేశాలున్నాయని వకీలమ్మే చెప్పింది, ఆ పేరా తనే సరిదిద్దింది. రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ పంపాం. మూడోసారి పంపాక మా వైపు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు.

"ఏమ్మా, మీరు దుబాయ్‌లో ఉండి ఇక్కడ రక్షణ అడుగుతున్నారేంటి?" అన్నాడు విసుగ్గా.

"మేం వచ్చినప్పుడు ప్రాణాలతో తిరిగి వెళ్లాలని సార్. మా అన్న వచ్చే నెల అక్కడికి వస్తున్నాడు."

ఆయన కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. గొంతు మారింది. "తీర్పు కాపీ స్పష్టంగా లేదు, ఇంకోటి పంపండి," అన్నాడు. అన్న ఊరికి చేరిన వారంలో అతన్నీ ఇద్దరు బాబాయిల్నీ స్టేషన్‌కి పిలిపించి బైండోవర్ చేశారు. మా జోలికి రామని రాయించుకుని సంతకాలు తీసుకున్నారు. ఆ కాగితం ఫోటో నా ఫోన్లో ఉంది. దానితో కత్తి ఆగుతుందని నేను అనుకోను. కానీ అది లేని రోజుకీ ఉన్న రోజుకీ తేడా ఉంది.

ఈ సంగతి విని స్నేహితుడు తల పట్టుకున్నాడు. "మీకు పిచ్చా? పోలీసులు రక్షణ ఇచ్చారని మీరే కాగితం సంపాదించుకున్నారు. ఇక ఆశ్రయం ఎవడిస్తాడు?" అతను అన్నది నిజమే, వకీలమ్మ కూడా అదే అంది. రక్షణ దొరికిన కొద్దీ ఆశ్రయం కేసు పలచబడుతుంది. "ఆ రక్షణ విఫలమైతే మళ్లీ మాట్లాడండి. అడగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు," అంది. నాకూ సిగ్గు లేదు. అవసరమైతే అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పి అడుగుతాను. మా ఆయన కూడా ఇప్పుడు కాదనడు.

ఆయన కుడిచేతి వేళ్లలో మూడు పూర్తిగా వంగుతాయి, రెండు సగం. పరికరం పట్టలేడు గానీ కొలతల్ని కంప్యూటర్లో మ్యాపులుగా మార్చే పని నేర్చుకున్నాడు. నా వీసా మీద ఉంటూనే లేబర్ పర్మిట్ తీసుకుని రాస్ అల్ ఖైమాలో ఒక చిన్న సర్వే ఆఫీసులో చేరాడు. మొన్న జనవరిలో ఇద్దరం నాలుగు రోజులు ఇండియా వెళ్లాం. ఒంగోలు పోలీసులకి ముందే తెలియజేసి, పగటిపూట వాళ్ల పల్లెకి వెళ్లాం. మా అత్తగారు నన్ను మొదటిసారి ఎదురుగా చూసింది. ఏడవలేదు. "ఎండలో వచ్చారు, ముందు మజ్జిగ తాగండి," అంది.

మేం బయల్దేరే రోజు ఒక కానిస్టేబుల్ మోటారు సైకిల్ మీద వచ్చి, అంతా సవ్యంగానే ఉందని రిజిస్టర్లో నా చేత సంతకం పెట్టించుకున్నాడు. పెన్ను జేబులో పెట్టుకుంటూ, "దుబాయ్‌లో ఏం చేస్తారమ్మా?" అని అడిగాడు. వీసా కాగితాలు టైపు చేస్తానని చెప్పాను. తన తమ్ముడు డ్రైవర్ పనికి వెళ్తానంటున్నాడు, ఏజెంటు చెప్పేది నిజమో కాదో తెలియట్లేదు అన్నాడు. ఆఫర్ లెటర్ ఉంటే నాకు పంపమని నా నంబరు ఇచ్చాను. సాయంత్రం విజయవాడ బస్సులో కూర్చున్నప్పుడే అది వచ్చింది. చదివితే, విజిట్ వీసా మీద తీసుకెళ్లి తర్వాత వర్క్ వీసాకి మారుస్తామని ఉంది. వద్దని, వర్క్ పర్మిట్ చేతికొచ్చాకే బయల్దేరమనండని రాసి పంపాను.